కుట్టుకో ఊపిరి

నాందేడ్ ఇత్వారా బజారులో నల్లాలు, పైపులు, సింకులు అమ్మే అంబదాస్‌కు యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కోపం రోగమని తెలియదు. వ్యాపారానికి అదీ ఒక పెట్టుబడి అనుకునేవాడు. అరంగుళం నల్లా కావాలో ముప్పావు అంగుళం కావాలో తెలియకుండా వచ్చిన గిరాకీని, ఇంట్లో కొలత చూసుకోకుండా బజారుకు ఎలా బయల్దేరావని నిలదీసేవాడు. తిట్టు తెలుగులో మొదలై, మరాఠీలో ముదిరి, దక్కనీ హిందీలో ముగిసేది. అయినా జనం వచ్చేవారు. పాత నల్లాల వాషర్లు ఆయన దగ్గర తప్ప ఊళ్లో ఇంకెక్కడా దొరికేవి కావు.

ఒక మే నెల మధ్యాహ్నం రిటైరైన మాస్టరు ఒకాయన, కొన్న వారానికే కారుతోందని ఒక నల్లా వెనక్కి తెచ్చాడు. అంబదాస్ లేచి నిలబడి తిట్లు అందుకున్నాడు. మరాఠీ అయిపోయి హిందీలోకి మారే చోట ఆయన కళ్లు తిరిగాయి, ప్లాస్టిక్ పైపుల కట్ట మీద కూలబడ్డాడు. తిట్లు తిన్న మాస్టరే నీళ్లు తాగించాడు. కొడుకు కైలాశ్ బండి మీద దవాఖానాకు తీసుకుపోతే, బీపీ నూట తొంభైకి నూట పది ఉందన్నారు.

డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రలతోనే కాదు, మనసు కూడా చల్లబడాలన్నాడు. అంబదాస్ ఒకరు చెప్పిన మాట వినే మనిషే, మందుల చీటీ మీద రాసి ఇస్తే. ముందు యోగాకు పోయాడు. శవాసనంలో అందరూ పడుకొని ఉండగా బయట ఎవడో ఆటో హారను ఆపకుండా కొడుతున్నాడని శవం లేచి వీధిలోకి పోయి వాడితో పోట్లాడి వచ్చింది. తర్వాత తోటలో పొద్దున్నే నవ్వే వాళ్ల క్లబ్బులో చేరాడు. మూడో రోజున, తన కంటే ఆలస్యంగా నవ్వుతూ లయ చెడగొడుతున్నాడని తలాఠీగా ఊరి భూముల లెక్కలు రాసి రిటైరైన ఒకాయన కాలరు పట్టుకున్నాడు. క్లబ్బువాళ్లు నవ్వడం ఆపి ఇద్దరినీ విడదీశారు.

అప్పుడు కోడలు సాక్షి ఒక దారి కనిపెట్టింది. పుణెలో పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు టెన్షన్ పోవడానికి క్రోషా అల్లుతున్నారట, మన ఊళ్లోనే శివాజీనగర్‌లో ప్రతీక్ష అనే అమ్మాయి ఆదివారం పూట ఆ క్లాసు పెడుతోందట, ఫోనులో చూసి మామగారి పేరు రాయించేసింది. క్రోషా అంటే అదేదో విదేశీ కసరత్తు అనుకున్నాడు అంబదాస్. సూదీ దారమూ అని ముందే తెలిసి ఉంటే కొడుకు బండెక్కేవాడు కాదు.

హాల్లో పద్దెనిమిది మంది ఆడవాళ్లు గుండ్రంగా కుర్చీల్లో కూర్చొని ఉన్నారు. పంతొమ్మిదో కుర్చీ ఆయనది. ప్రతీక్షకు ముప్పై ఏళ్లుంటాయి. పుణెలో ఉద్యోగం టెన్షన్ పడలేక వదిలేసి వచ్చానని తనే చెప్పింది. ఎంత మెల్లగా మాట్లాడేదంటే, వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చేది, ఇంటికి పోయాక నడుములు నొప్పి పుట్టేవి. మనసులోకి ఏ ఆలోచన వచ్చినా రానివ్వండి, పోనివ్వండి, చేతిలో ఉన్న కుట్టును మాత్రం చూడండి, కుట్టుకో ఊపిరి అని మరాఠీలో చెబుతోంది. చెబుతున్నంతసేపూ ఒళ్లో ఉన్న ఆమె ఫోను గిలగిల కొట్టుకుంటూనే ఉంది. ఆమె దాన్ని బోర్లించడం, కాసేపటికి తిప్పి చూడడం, చూసి పెదవి కొరుక్కోవడం, మళ్లీ ఊపిరి గురించి చెప్పడం.

అంబదాస్ లేచిపోవాలనే అనుకున్నాడు. ఇంతలో ఆమె వచ్చి, కాకా అని పిలిచి, ఆయన చేతికి కొక్కెం ఉన్న సూదీ నీలం ఊలు ఉండా ఇచ్చింది. అరగంటలో ఆయన పదకొండు లంకెల గొలుసు అల్లాడు. అందులో మూడు లంకెలు కావు, పీటముళ్లు. అయినా ప్రతీక్ష దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది. ఈ వయసులో, అందులోనూ మగవాడు, అంటూ పద్దెనిమిది మంది చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని పొగిడినవాళ్లంతా ధర తగ్గించమని అడగబోయేవాళ్లే. ఏమీ అడగకుండా పొగిడింది వీళ్లే మొదలు. అంబదాస్ మళ్లీ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి ఆ గొలుసు భార్య చేతిలో పెట్టాడు. విమలాబాయి దాన్ని వేళ్ల మధ్య ఒకసారి జరిపింది. తప్పులు ఎక్కడున్నాయో కళ్లకంటే ముందు ఆమె వేళ్లకు తెలిశాయి. మంచిగుందని చెప్పి తిరిగి ఇచ్చేసింది.

ఆమెది కిన్వట్ పక్కన గోకుంద. పెళ్లికి ముందు ఆ వాడలో క్రోషాకు ఆమె పెట్టింది పేరు. తోరణాలు, పాలగిన్నెల మీద కప్పే పూసల రుమాళ్లు, రేడియో మీది గుడ్డలు, అన్నీ అల్లేది. అత్తవారింటికి వచ్చిన ఏడు ఒకరోజు మధ్యాహ్నం సూది పట్టుకొని గడపలో కూర్చుంటే, భోజనానికి వచ్చిన అంబదాస్, తన తల్లి ముందరే, దారం గుంజుకుంటూ కూర్చుంటే ఇల్లెలా నడుస్తుందని అడిగాడు. ఆ మాట ఆయనకు గుర్తు లేదు. ఆమెకు ఉంది, కాని గుర్తు చేయాల్సిన పని పడలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో కొత్త కానూను వచ్చింది. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా అంబదాస్ హాలు మధ్యలో దివాను మీద కూర్చొని అల్లుతాడు. దానికి సాధన అని పేరు పెట్టాడు. ఆ గంటలో మిక్సీ తిరగకూడదు. కుక్కర్ కూయకూడదు. ఫ్యాను ఒకటి మీదే ఉండాలి, రెండు మీద పెడితే ఊలు కదులుతుంది. ఎవరూ ఆయన ముందు నుంచి నడవకూడదు, నడిస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే, నా శాంతి ఎవరు చెడగొట్టిండ్రని ఇల్లంతా వినబడేలా అడిగేవాడు.

ఏడు నుంచి ఎనిమిది అంటే ఆ ఇంట్లో కైలాశ్‌కు అన్నం డబ్బా కట్టే వేళ, సాక్షి బడికి తయారయ్యే వేళ. ఆమె ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు చెబుతుంది. ఇప్పుడు అత్తాకోడళ్లు సైగలతో వంట చేయడం నేర్చుకున్నారు. చట్నీ రుబ్బడానికి, పప్పు ఉడకబెట్టడానికి విమలాబాయి గిన్నెలు కొంగు కింద పెట్టుకొని పక్కింటి రుక్మాబాయి దగ్గరికి పోయేది. మూడు కూతలు కూశాక కుక్కర్‌ను గుడ్డతో పట్టుకొని మెట్లెక్కి వచ్చేది. పాలవాడు గంట కొట్టకుండా సాక్షి మెట్ల మీదే కాపలా కూర్చునేది. ఒక మనిషి ప్రశాంతంగా ఉండడానికి ఇద్దరు ఉరుకులు పెట్టాల్సి వచ్చేది. రుక్మాబాయిని కూడా కలిపితే ముగ్గురు.

అంత చేసినా అల్లిక కుదిరేది కాదు. పది వరసలు అల్లేసరికి ఒక పక్క వెడల్పై, ఇంకో పక్క సన్నబడి, పతంగిలాగా వచ్చేది. అంబదాస్ దాన్ని దివాను కిందికి విసిరికొట్టి దుకాణానికి పోయేవాడు. మధ్యాహ్నం రెండింటికి, తను నడుం వాల్చే వేళకు, విమలాబాయి దాన్ని బయటికి తీసేది. తప్పిన కాడికి విప్పి, మళ్లీ అల్లి, ఆయన ఎక్కడ ఆపాడో అక్కడే ఆపి, విసిరిన చోటే పెట్టేది. అల్లకుండా ఊరుకుంటే ఏమవుతుందో మొదటి వారమే చూసింది. పొద్దున తప్పు అలాగే కనబడితే ఆ రోజు సాధన తొమ్మిది దాకా సాగేది, అందరికీ అక్షింతలు పడేవి.

మర్నాడు అంబదాస్ తీసి చూస్తే అంతా సరిగ్గా ఉండేది. రెండు మూడు సార్లు ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత దానికి ఒక సిద్ధాంతం చేశాడు. తప్పు దారంలో లేదు, చూపులో ఉంది, కోపంతో చూస్తే తప్పు కనబడుతుంది, శాంతంగా చూస్తే కనబడదు. ఈ మాట ఆదివారం క్లాసులో చెబితే ప్రతీక్ష కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకంలో రాసుకుంది.

మూడు నెలల్లో ఆయన బీపీ నూట ముప్పైకి దిగింది. డాక్టరు పొంగిపోయి, వచ్చిన రోగులందరికీ ఇత్వారా అంబదాస్ పేరు చెప్పసాగాడు. దుకాణంలో ఆయన ప్రతీక్షలాగా గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టాడు. పాత గిరాకీలు దానికి ఎక్కువ భయపడ్డారు. గల్లా పక్కన ఊలు ఉండ కనబడేలా పెట్టుకున్నాడు. జనం క్రోషా కాకా అని పిలిస్తే కాదనలేదు. ఈలోగా నీలం శాలువ ఒకటి పూర్తయింది. దాని చుట్టూ నెమలి కళ్ల అంచు వచ్చింది. ఆ అంచు ఎప్పుడు అల్లాడో ఆయనకే సరిగ్గా గుర్తు లేదు. ధ్యానంలో మనిషికి ఒళ్లు తెలియదని సర్ది చెప్పుకున్నాడు.

శాంతి దొరికినవాడు దాన్ని తన దగ్గరే దాచుకోడు, ఇంట్లోవాళ్లకు పంచుతాడు. ఒక పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి భార్యను చూసి తల ఊపాడు.

"నీకు ఒక్క పని మీద మనసు నిలవది విమలా. చపాతి చేసేటప్పుడు చపాతినే చూడాలె. అందుకే నీకు గింత చిరాకు."

విమలాబాయి అప్పుడు పెనం మీది చపాతీని, పొంగబోతున్న పాలను, మూత పెట్టని డబ్బాను చూస్తూ, ఆయన మాత్ర వేసుకున్నాడా లేదా అని ఆలోచిస్తోంది. ఈ మధ్య ఆమెకు మెడ వెనక పోటుగా ఉంటోంది. కళ్లద్దాలు మార్చాలేమో అనుకుంది.

దసరా దాటాక ఊళ్లోని తెలుగు సమాజం వాళ్లు ఒక ఆరోగ్య శిబిరం పెట్టారు. హాలు వెనక గదిలో బీపీ, షుగరు పరీక్షలు. ముందు వేదిక మీద, టెన్షన్ లేని బతుకు గురించి అంబదాస్ మాటలు. ఆయన ఆ నీలం శాలువ కప్పుకొని వచ్చాడు. మర్ఖేల్ నుంచి, దెగ్లూర్ నుంచి కూడా చుట్టాలు వచ్చారు. అరగంట మాట్లాడాడు. టెన్షన్ బయట లేదన్నాడు, మనమే దారం లాగినట్టు లాగుతామన్నాడు. ఇంట్లో తాను ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఒక మూల కూర్చొని సాధన చేసుకుంటానని కూడా అన్నాడు. ముందు వరసలో ఉన్న రుక్మాబాయికి దగ్గు వచ్చింది, ఎంతకీ ఆగక బయటికి పోయింది.

అదే సమయానికి వెనక గదిలో సాక్షి అత్తగారిని బలవంతాన వరసలో నిలబెట్టింది. నర్సు విమలాబాయి చేతికి పట్టీ కట్టి ఒకసారి చూసింది. విప్పి ఇంకో చేతికి కట్టింది. మూడోసారి చూసి డాక్టరును పిలిచింది. నూట డెబ్బై ఆరుకు నూట ఎనిమిది. ఎప్పటి నుంచి తలనొప్పి అని డాక్టరు అడిగితే, వానాకాలం మొదట్నుంచీ అని చెప్పింది. డాక్టరు మాత్రలు రాశాడు. రాసి, ఇంట్లోనే అంత పెద్ద గురువు ఉండగా మీకు దిగులెందుకు, కాకాను అడిగి మీరూ క్రోషా నేర్చుకోండి అన్నాడు. గదిలో ఉన్నవాళ్లకు ఆ మాట బాగా నచ్చింది. ఎవరో పరుగున పోయి వేదిక మీద అంబదాస్ చెవిలో చెప్పారు. ఆయన మైకు వదలకుండానే, రేపటి నుంచి తన భార్యకు తానే స్వయంగా నేర్పబోతున్నానని ప్రకటించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

మాట తప్పలేదు. మర్నాడు సాయంత్రం దుకాణం కైలాశ్‌కు అప్పగించి నాలుగింటికే ఇంటికి వచ్చి, విమలాబాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. సూది అలా కాదు ఇలా పట్టుకోవాలన్నాడు. ఆమె తల్లి నేర్పిన తీరు మానుకొని ఆయన చెప్పినట్టే పట్టుకుంది. గొలుసు వేయమన్నాడు. వేసింది. తొందర ఎక్కువైందన్నాడు, ఊపిరి కనబడడం లేదన్నాడు, విప్పించాడు. రెండో రోజు కూడా అదే గొలుసు విప్పించాడు. మూడో రోజు ఆమె లంకెలన్నీ ఒకే తీరుగా వచ్చాయి. అందుకూ ఒప్పుకోలేదు, అల్లికలో మనిషి మనసు కనబడాలి గాని మిషను కనబడకూడదన్నాడు. నాలుగో రోజు పాఠం నడుస్తుండగా స్టవ్ మీద పాలు పొంగాయి. ఆమె లేవబోయింది. కూర్చో, పాల ఆలోచన రానియ్యి, పోనియ్యి అన్నాడు. పాలు పోయాయి.

విమలాబాయి సూది ఒళ్లో పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"ఆ శాలువకు అంచు నేనే అల్లిన. మీరు తప్పిన కాడల్లా ఇప్పి, మల్ల అల్లింది నేనే. మీరు దుకాన్ల ఉన్నప్పుడు, రోజూ రెండింటికి. మీ బీపీ దిగింది, నాది ఎక్కింది. గంతే."

మాడిన పాల వాసన హాలు దాకా వచ్చింది. అంబదాస్ లోపలికి పోయి శాలువ తెచ్చి, అంచును వెలుతురులో పెట్టి చూశాడు. ఆమె చేతిలోని గొలుసును దాని పక్కన పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లుగా వాషర్ల కొలతలు కంటితో చెప్పిన మనిషి. రెండింటి బిగువూ ఒకటేనని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నీకు క్రోషా అస్తదా?" అని అడిగాడు.

"గోకుందల నేర్సుకున్న."

"మరి ముందే చెప్పొద్దా?" అన్నాడు. అది ఆయనకు నిజంగానే ఆమె తప్పులాగా కనిపించింది. వేదిక మీద అంతమంది ముందు తనను మాట్లాడనిచ్చింది కదా అని అలిగి, ఆ పూట అన్నం తినలేదు. మర్నాటికి అలక తీరింది, ఎందుకంటే ఇంకో సిద్ధాంతం దొరికింది. భార్యాభర్తలిద్దరూ కలిసి అల్లుతున్నారట, ఒకరు భావం, ఒకరు చెయ్యి. దుకాణానికి వచ్చినవాళ్లకు అలాగే చెప్పాడు. రెండో శాలువకు ఎర్ర ఊలు కూడా కొన్నాడు.

విమలాబాయి మాత్రం ఆ ఊలు ముట్టుకోలేదు. ఆదివారం క్లాసుకు తాను పోతానని సాక్షితో చెప్పింది. కోడలు తెల్లబోయింది. మీకు అన్నీ వచ్చు కదా అత్తమ్మా, ఆ ప్రతీక్షకే మీరు నేర్పొచ్చు, ఇంకా అక్కడ నేర్చుకునేదేముందని అడిగింది. పోయి చూస్తానంది అత్తగారు. పోయేముందు వంట మాత్రం చేయలేదు. కైలాశ్‌ను ఉప్మా చేయమంది.

హాల్లో ఫ్యాన్లన్నీ మూడు మీద తిరుగుతున్నాయి. ఆమెకు కిటికీ పక్క కుర్చీ దొరికింది. ప్రతీక్ష గుసగుసగా మొదలుపెట్టింది. చేతిలో ఉన్న కుట్టును చూడండి, ఇంకేమీ చూడకండి. విమలాబాయి కుట్టును చూసింది. ఇక్కడ పొంగే పాలు లేవు, కూసే కుక్కర్ లేదు, ఏమే అని పిలిచేవాళ్లు లేరు. పెళ్లయ్యాక రెండు గంటలపాటు ఎవరికీ ఏమీ అందించకుండా ఎక్కడైనా కూర్చున్నానా అని ఆలోచించింది. ఆ ఆలోచనను రానిచ్చింది. అది పోయేలోపే ఆమెకు నిద్ర పట్టింది.

సూది వేళ్ల మధ్యే ఉంది, వీపు నిటారుగా ఉంది, గడ్డం కొద్దిగా కిందికి వాలింది. ప్రతీక్ష అది చూసి మిగతావాళ్లకు వేలితో చూపించింది. ఇంత లోతైన ధ్యానం తన క్లాసులో ఇదే మొదటిసారి అని మరీ మెల్లగా చెప్పింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. మరుసటి ఆదివారం ముగ్గురు ఆడవాళ్లు అచ్చం అలాగే కళ్లు మూసుకొని కూర్చున్నారు, కాని వాళ్లకు అది రాలేదు.

నాలుగో ఆదివారం విమలాబాయి చిన్నగా గురక పెట్టింది. ఎవరికో నవ్వు వచ్చింది. ప్రతీక్ష ఆమె దగ్గరికి వచ్చి, తట్టి లేపబోయి ఆగిపోయింది. అప్పటికి పదకొండోసారి ఫోను కొట్టుకుంటే దాన్ని ఆపేసి బల్ల మీద పెట్టేసింది. ఆఫీసు గదిలోంచి చేతులు ఆనించుకోవడానికి వీలుండే మెత్తని కుర్చీ ఈడ్చుకొచ్చి, క్లాసు ముగిశాక, కాకూ అని పిలిచి, వచ్చే వారం నుంచి ఇందులో కూర్చోండి అంది. మరుసటి వారం పక్కన తనకూ ఒక కుర్చీ వేసుకుంది. చెప్పడం తొందరగా ముగించి, ఇక ఎవరికి వారు అల్లుకోండని కళ్లు మూసుకుంది.

ఇంట్లో ఎర్ర శాలువ పన్నెండో వరసలో పతంగిలాగే ఆగిపోయింది. ఊలు కల్తీదని అంబదాస్ అది అమ్మినవాడితో పోట్లాడాడు. తెలుగులో మొదలుపెట్టాడు గాని మరాఠీ దాకా వచ్చి తనే ఆపేసుకున్నాడు, తలలో నరం కొట్టుకున్నట్టు అనిపించి. ఈ మధ్య ఏడు గంటలకు సాధన లేదు, వాకింగ్ ఉంది. మిక్సీ తిరుగుతోంది.

రెండు నెలల తర్వాత విమలాబాయి బీపీ నూట ముప్పై ఎనిమిదికి వచ్చింది. డాక్టరు తన వైద్యానికి తానే మురిసిపోయాడు. క్లాసుకు పోతున్నారా అని అడిగితే, ఒక్క ఆదివారం కూడా తప్పలేదంది. అయితే ఇప్పటిదాకా ఏమేం అల్లారో చెప్పండి, మా ఆవిడకు చెబుతాను అన్నాడు.

"ఇంకేం మొదలువెట్టలే," అంది విమలాబాయి.

డాక్టరు తల ఊపి, చీటీ మీద క్లాసు ఇలాగే కొనసాగించాలని రాసి ఇచ్చాడు.